పెద్దకొడుకుకు వేషం ఏదీ?

నల్ల దుప్పట్లు కప్పుకున్న ముగ్గురు సండే స్కూలు పిల్లలు మోకాళ్ళ మీద పాక్కుంటూ వేదిక మీదికి వస్తారు. అవి పందులు. కూడికంతా గొల్లున నవ్వుతుంది. వాటి మధ్య చిరిగిన బనీనుతో గొంతుక్కూర్చున్న ఇంటర్ కుర్రాడు తొట్టిలోంచి పిడికెడు పొట్టు తీసి, నోటిదాకా తెచ్చి, ఆగిపోతాడు. చెయ్యి వణుకుతుంది. నవ్వు అక్కడికక్కడే చల్లారిపోతుంది. ఆడవాళ్ళ వైపు వెనక వరసలోంచి "అయ్యో, నా తండ్రీ" అని ఒక గొంతు వినపడుతుంది. ఆ కుర్రాడి చేతిలో మైకు లేదు, నోట మాట లేదు. అయినా షామియానా కింద ఉన్న నాలుగు వందల మందికీ వాడి ఆకలి తెలిసిపోతుంది.

లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ ఇది. గుంటూరు వైపు వెళ్ళినా, మెదక్ వైపు వెళ్ళినా యవ్వనస్థుల కూడికల్లో తరచుగా కనిపించే స్కిట్ ఇదే. సాయంత్రపు వరస కూడా అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. ముందు ఆరాధన పాటలు, ఒక ప్రార్థన, తర్వాత ఇద్దరు ముగ్గురి సాక్ష్యాలు, పొరుగూరి నుంచి పిలిపించిన దైవజనుడి వాక్యం, ఆ తర్వాత స్కిట్, చివరికి మళ్ళీ ప్రార్థన, పులిహోర పొట్లాలు. అంతకుముందు నెల రోజులు చర్చి వెనక గదిలో రిహార్సల్స్ జరిగి ఉంటాయి. తండ్రి పాత్ర వేసే కుర్రాడు పత్తితో గడ్డం అంటించుకుంటాడు. అమ్మల చీరలు తెరలవుతాయి.

ఒక మతం వాళ్ళ సొంత వ్యవహారమని దీన్ని పక్కన పెట్టేయడానికి లేదు. పరిషత్తు నాటకం కొద్ది పట్టణాలకు పరిమితమైంది. ఊళ్ళో పౌరాణికం ఆడించడం తిరునాళ్ళ రాత్రికి కుదించుకుపోయింది. పదహారేళ్ళ పిల్లలు వేషం కట్టి నలుగురి ముందు నిలబడి నోరు విప్పే చోట్లు తెలుగు ఊళ్ళలో ఇంకెన్ని మిగిలాయి? దళితవాడలో పుట్టిన ఆడపిల్ల మొట్టమొదట మైకు పట్టుకునేది చాలా ఊళ్ళలో చర్చి ఆవరణలోని ఈ వేదిక మీదే. అంత విలువైన చోట పిల్లల చేత ఏం చెప్పిస్తున్నాం, ఏం చెప్పనివ్వడం లేదు అని అడగడం అవసరం.

నాటకం అంటేనే గిట్టని సంఘ పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. సినిమా వేషాలు దేవుని మందిరంలోకి తేవద్దంటారు. వాళ్ళు రోజూ చదివే గ్రంథంలోనే యెహెజ్కేలు ప్రవక్త ఇటుక మీద యెరూషలేము పటం గీసి, దాని చుట్టూ ముట్టడి దిబ్బలు కట్టి, 390 రోజులు ఎడమ పక్కన, 40 రోజులు కుడి పక్కన పడుకుని జనానికి రాబోయే కష్టం చూపించాడు. యిర్మీయా అందరి కళ్ళముందూ మట్టికుండ పగలగొట్టాడు, మెడకు కాడి తగిలించుకుని తిరిగాడు. నాతాను ప్రవక్త దావీదు రాజును నేరుగా నిలదీయలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, రాజు నోటితోనే రాజుకు తీర్పు చెప్పించాడు. వీళ్ళెవరూ నాటకాన్ని వినోదంగా చూడలేదు. ప్రసంగం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ అభినయం అందుకుంటుందని వాళ్ళకు తెలుసు.

తెలుగువాళ్ళకు ఈ సంగతి 1978లో బాగా తెలిసివచ్చింది. ఎ. భీంసింగ్ దర్శకత్వంలో 'కరుణామయుడు' వచ్చాక, విజయచందర్ వేసిన తెల్లని అంగీ, భుజాల మీద జుట్టు, నెమ్మది నడక మన ఊళ్ళలో యేసు రూపంగా స్థిరపడిపోయాయి. నేటికీ ఏ స్కిట్‌లో యేసు కనిపించినా ఆ నడకే నడుస్తాడు.

స్కిట్లలో మరొకటి కూడా స్థిరపడిపోయింది. మంచివాళ్ళంతా బైబిలు తెలుగు మాట్లాడతారు. తండ్రి, ప్రవక్త, దూత నోరు తెరిస్తే 'యొద్దకు', 'గాక', 'చేయుదును' అంటూ వందేళ్ళనాటి గ్రాంథికం వస్తుంది. చెడ్డ స్నేహితులు మాత్రం మన భాష మాట్లాడతారు. 'ఒరేయ్ మామా' అంటారు, బండి వేసుకొస్తారు, ఫోనులో సినిమా పాట పెడతారు. పిల్లలు ఎవరి మాటకు నవ్వుతారు, ఎవరిని తమవాళ్ళుగా గుర్తుపడతారు? మంచితనం పాత పుస్తకంలో ఉంటుందనీ, బతుకు బయట ఉంటుందనీ ఆ స్కిట్ తనకు తెలియకుండానే నేర్పుతోంది. తండ్రి చేత కూడా తెలుగు నాన్నలు మాట్లాడే మాటలు పలికిస్తే తప్పేముంది? 'అన్నం తిన్నావా' అని ఒక్క ముక్క అనిపిస్తే చాలు. ఆ పత్తిగడ్డం కింద నిజమైన మనిషి కనిపిస్తాడు.

మరికొన్నిచోట్ల స్కిట్ మొత్తం అరువే. అమెరికా యువజన బృందాల్లో పుట్టి ప్రపంచమంతా తిరిగిన ఒక మూగనాటిక ఉంది. లైఫ్‌హౌస్ అనే బృందం పాడిన 'ఎవ్రీథింగ్' పాటకు వేస్తారు. ఒక అమ్మాయిని డబ్బు, తాగుడు, అందం పిచ్చి ఒక్కొక్కటిగా దేవుని దగ్గర నుంచి లాక్కుపోతాయి. చివరికి ఆమె చేతికి పిస్తోలు వస్తుంది. యేసు పాత్రధారి అందరినీ తోసుకుంటూ వచ్చి ఆమెను కాపాడతాడు. చూస్తే ఒళ్ళు గగుర్పొడిచే మాట నిజమే. మాట అక్కర్లేదు కాబట్టి ఏ దేశంలోనైనా వేయవచ్చు. కానీ సత్తెనపల్లిలోనో సిద్దిపేటలోనో ఇంటర్ చదివే అమ్మాయి బతుకులోకి పిస్తోలు ఎక్కడిది? ఆమె భయాలు వేరు. మార్కుల జాబితా, ఫీజు బకాయి, తాగొచ్చే తండ్రి, ఒప్పుకోని పెళ్ళి. వాటిని ఆమె చేతే రాయించి, ఆమె చేతే ఆడించాలి.

ఇంతకంటే పెద్ద లోటు ఆ పందుల స్కిట్‌లోనే ఉంది.

కథ మొత్తం ఒకసారి గుర్తుచేసుకుందాం. చిన్నకొడుకు తండ్రి బతికుండగానే ఆస్తి పంచమంటాడు. పంపకాల పేరెత్తితే తెలుగు ఇళ్ళలో ఏం జరుగుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాటా పట్టుకుని దూరదేశం పోయి, తగలేసి, కరువులో పందులు కాసి, బుద్ధి తెచ్చుకుని తిరిగివస్తాడు. తండ్రి దూరం నుంచే చూసి పరిగెత్తి వెళ్ళి కావలించుకుంటాడు. మధ్యప్రాచ్యంలో దశాబ్దాలపాటు బోధించిన పండితుడు కెన్నెత్ బెయిలీ, అక్కడి ఊళ్ళలో పెద్దమనిషి పరిగెత్తడం ఎంత తలవంపులో వివరంగా రాశాడు. మనకు ఆ వివరణ అవసరమే లేదు. పంచె ఎగ్గట్టుకుని నడిబజారులో పరిగెత్తే మోతుబరిని మనమూ చూసి ఉండం. స్కిట్‌లో ఈ ఘట్టానికి ఏడవనివాళ్ళు అరుదు. ఉంగరం తొడుగుతారు, కొత్త బట్టలు కడతారు, విందు మొదలవుతుంది. కీబోర్డు మోగుతుంది. అందరూ వరసగా నిలబడి చేతులు జోడిస్తారు. అయిపోయింది.

అసలు కథ అక్కడ అయిపోలేదు. సువార్తలో ఇంకా ఎనిమిది వచనాలు ఉన్నాయి. పొలం నుంచి వస్తున్న పెద్దకొడుక్కి పాటలు, నాట్యాల చప్పుడు వినిపిస్తుంది. పనివాణ్ణి పిలిచి అడిగి సంగతి తెలుసుకుంటాడు. కోపం వచ్చి లోపలికి వెళ్ళడు. తండ్రే బయటికి వచ్చి బతిమాలతాడు. ఇన్నేళ్ళు నీకు చాకిరీ చేశాను, నా స్నేహితులతో సంతోషించడానికి ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని నిలదీస్తాడు పెద్దకొడుకు. వాడి కోపంలో లెక్క కూడా ఉంది. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం పెద్దకొడుక్కి రెండు పాళ్ళు. చిన్నవాడు తన వాటా పట్టుకుపోయాడు కాబట్టి ఇంట్లో మిగిలినదంతా పెద్దవాడికి చెందాల్సిందే. ఆ దూడ, ఆ ఉంగరం వాడి వాటాలోవే. తండ్రి వాడి మాట కొట్టిపారేయడు, కసరడు. నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నాదంతా నీదే అంటాడు. అంతటితో యేసు కథ ఆపేస్తాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడో లేదో చెప్పడు.

ఈ కథ ఎవరికి చెప్పాడన్నది ఇంకా ముఖ్యం. సుంకరులతో, పాపులతో కలిసి భోంచేస్తున్నాడని మతపెద్దలైన పరిసయ్యులు, శాస్త్రులు సణుగుతుంటే, ఆ సణిగేవాళ్ళను ఉద్దేశించి చెప్పాడు. వినేవాడు పెద్దకొడుకే. మన స్కిట్లు వినేవాణ్ణే కథలోంచి తీసేస్తున్నాయి.

ఆ షామియానా కింద కూర్చున్నది ఎవరో కూడా చూడాలి. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరింది 1842లో. ఒంగోలులో మరో మిషనరీ జాన్ క్లౌ, 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట పడకూడదని ఆ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు కాలపు పనితో లేచిన మెదక్ చర్చిలో తొలి ఆరాధన జరిగింది 1924 క్రిస్మస్ నాడు. ఆనాడు నీళ్ళలోకి దిగినవాళ్ళకు తిరిగివచ్చిన కొడుకు కథ సొంత కథ. ఒక బతుకు విడిచి మరో బతుకులోకి నడిచారు. వాళ్ళ మునిమనవళ్ళు, మునిమనవరాళ్ళు ఈ ఇంట్లోనే పుట్టారు. ఉగ్గుపాలతో పాటు కీర్తనలు విన్నారు. ఆదివారం చర్చి, వేసవిలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్), డిసెంబరులో కరోల్స్. దూరదేశం వెళ్ళనేలేదు. వాళ్ళు పెద్దకొడుకులు, పెద్దకూతుళ్ళు.

సాక్ష్యం చెప్పే వేళ ఈ తేడా బయటపడుతుంది. మైకు ముందు నిలబడ్డ యువకుడి సాక్ష్యానికి ఒక మూస ఉంది. ఒకప్పుడు లోకంలో తిరిగాను, చెడు స్నేహాలు, సిగరెట్టు, మందు, ఆ తర్వాత ఫలానా రోజున ప్రభువు నన్ను తాకాడు. నిజంగా అలా నడిచి వచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పే హక్కుంది, దాని వెనక కన్నీళ్ళున్నాయి, దాన్ని వినాలి. ఏనాడూ సిగరెట్టు ముట్టని బి.టెక్. విద్యార్థి మాత్రం తనకు చెప్పడానికి సాక్ష్యమే లేదనుకుంటాడు. లేదా లేని పాపాన్ని కొంచెం పెంచి చెబుతాడు. రెండూ నష్టమే. మొదటిది వాణ్ణి మౌనంలోకి నెడుతుంది, రెండోది ప్రార్థన చేసిన నోటితో అబద్ధం చెప్పిస్తుంది.

చెప్పడానికి పెద్ద పాపమే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. నాలుగో శతాబ్దంలో పుట్టిన అగస్టీన్ తన ఆత్మకథలో పదహారేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి పొరుగు తోటలో పియర్ పండ్లు దొంగిలించిన సంగతి గురించి పేజీలకు పేజీలు రాశాడు. తినడానికి కూడా కాదు, పందులకు పారేశారు. ఆ చిన్న పనిలో మనిషి మనసెలా ఉంటుందో తవ్వి చూపించాడు కాబట్టే పదహారు వందల ఏళ్ళుగా దాన్ని చదువుతున్నారు. ఇక మదర్ థెరిసా ఉత్తరాలు. 2007లో పుస్తకంగా వచ్చాక ప్రపంచం నివ్వెరపోయింది. కలకత్తా వీధుల్లో పనిచేసిన ఏళ్ళలో ఎక్కువ భాగం దేవుడు తన దగ్గర లేడన్న చీకటిలోనే గడిపానని ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకున్నారు. అయినా తెల్లవారే లేచారు, ప్రార్థన చేశారు, పనిలోకి వెళ్ళారు. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఇల్లు విడవని మనిషి సాక్ష్యం అది. యూత్ మీటింగులో అలాంటి సాక్ష్యానికి మైకు దొరుకుతుందా? ప్రార్థించాను, జవాబు రాలేదు, అయినా ఇక్కడే ఉన్నాను అని ఒక అమ్మాయి చెబితే కూడిక ఆమెన్ అంటుందా? కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చీకటి అనే మాట దగ్గరే ముగుస్తుంది. దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు.

పెద్దకొడుకుల ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే బరువైనది కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే దక్కింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవులైన దళితులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. అందుకే బాప్తిస్మంలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరుతో పెరిగే పిల్లలు ఈ కూడికల్లో కూర్చుంటారు. నిజం చెప్పమని వాక్యం బోధిస్తుంది, ఫారం నింపేటప్పుడు ఇల్లు మరోలా నింపమంటుంది. ఆ పిల్లవాడి మనసులో జరిగే నాటకం కంటే గట్టి నాటకం ఏ రచయిత రాయగలడు? పక్కనే పెళ్ళిళ్ళ సంగతి ఉంది. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే కుటుంబాలు సంబంధం మాట వచ్చేసరికి ఏ కులం నుంచి వచ్చారని అడుగుతున్నాయి. ఇవి ప్రతి యువకుడికీ తెలుసు. వేదిక మీద మాత్రం వీటి ఊసుండదు.

గుర్రం జాషువా కథను ఈ కూడికల్లో నాటకంగా వేయడం అరుదు. ఆయన శ్మశానవాటి పద్యాలు పడకపోతే హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను రక్తి కట్టదు. పద్యం పాడే నటుడు, వన్స్‌మోర్ కొట్టే ప్రేక్షకుడు వాటిని తమవిగానే ఎంచుకున్నారు. ఆ జాషువానే పురాణ కథలు రాస్తున్నాడని సొంత క్రైస్తవ సమాజం వెలివేసింది. కులం పేరు చెప్పి బయటివాళ్ళు, కవిత్వం పేరు చెప్పి లోపలివాళ్ళు గెంటేసిన ఆ మనిషి 'క్రీస్తు చరిత్ర' రాశారు. దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంటి బయట అరుగు మీద నిలబడి కూడా తండ్రి గురించి పాడిన కొడుకు ఆయన. పదిహేను నిమిషాల స్కిట్‌కు ఇంతకంటే ఏం కావాలి?

అనుమానాలను వేదికెక్కిస్తే విశ్వాసం చెదురుతుందని పెద్దలు భయపడతారు. పిల్లల మీది ప్రేమతోనే భయపడతారు, అందులో సందేహం లేదు. కానీ ఆ అనుమానాలు వేదిక మీద లేకపోతే ఫోనులో ఉంటాయి. అర్ధరాత్రి యూట్యూబులో ముక్కూమొహం తెలియని మనిషి జవాబు చెబుతాడు. పాస్టరుగారు, అక్కలు, అన్నలు ఎదురుగా ఉన్నచోట అడగడం కంటే అది మేలా?

రాసిన నాటకాన్ని మార్చడం కూడా అపచారం కాదు. జర్మనీలో ఒబరమ్మెర్‌గౌ అనే ఊరుంది. 1633లో ప్లేగు వచ్చినప్పుడు మొక్కుకున్న మొక్కు ప్రకారం ఆ ఊరివాళ్ళు 1634 నుంచి క్రీస్తు శ్రమల నాటకం ఆడుతున్నారు. పదేళ్ళకోసారి ఊరి జనమే వేషాలు కడతారు. యూదులను అవమానించే భాగాలు అందులో ఉన్నాయని గుర్తించాక వాటిని గత కొన్ని దశాబ్దాలుగా తీసేస్తూ, తిరగరాస్తూ వచ్చారు. కరోనా వల్ల వాయిదా పడి 2022లో ఆడిన నాటకం తాతలు ఆడినది కాదు. మొక్కు మాత్రం తప్పలేదు.

మనకు అంత దూరం వెళ్ళే పనే లేదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు చెబుతూ పోతుంటే వంత మధ్యలో అడ్డుపడి, జనం మనసులో ఉన్న ప్రశ్న అడుగుతాడు. అలా కాదే, ఇలా ఎందుకు చేశాడు అంటాడు. కోస్తా చర్చిల్లో బైబిలు కథలను బుర్రకథగా చెప్పిన సంప్రదాయం ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు ఇప్పటికీ పైన రాగం, తాళం రాసి ఉంటాయి. ఈ నేల పద్ధతులు ఆ ఇంట్లో కొత్తవేం కావు. వాక్యం చెప్పే అన్న పక్కన ఒక వంతను నిలబెట్టి, ముందే చీటీల మీద రాయించిన ప్రశ్నలు అడిగిస్తే ఆ ప్రసంగం గంటన్నర సాగినా ఎవరూ ఫోను తీయరు.

అందుకని యువజన నాయకులకు ఒక మనవి. వచ్చే యూత్ సండేకి మళ్ళీ తప్పిపోయిన కుమారుడే వేయండి. ఈసారి 11వ వచనం దగ్గర కాకుండా 25వ వచనం దగ్గర తెర తీయండి. భుజాన పారతో, కాళ్ళకు బురదతో పెద్దకొడుకు రానీండి. లోపల డప్పు మోగుతుండగా వాడు అరుగు మీద కూలబడనీండి. వాడి కోపం మాటలు మీ సంఘంలో ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే పిల్లల చేత రాయించండి, వాళ్ళ సొంత తెలుగులో. తండ్రి బయటికి వచ్చి పక్కన కూర్చోవాలి. ఆ తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా ఉండగానే లైట్లు ఆర్పేయండి. ముగింపు ప్రార్థనకు తొందరపడకుండా, లోపలికి వెళ్ళాడా లేదా అని కూడికను అడగండి. పులిహోర పొట్లాలు ఒక అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు.